కాగితం మీది గీత, తెర మీది బొమ్మ

భీమవరం చుట్టుప్రక్కల నేల వరికీ చేపకూ పేరు పొందినది. చిత్రకళకు ఆ నేల చేసిన దానం కూడా చిన్నది కాదు. 1895 అక్టోబరు 8వ తేదీన ఆ ప్రాంతంలో అడివి బాపిరాజు జన్మించినారు. 38 ఏండ్ల తరువాత, 1933 డిసెంబరు 15వ తేదీన, అక్కడికి దాపుననే ఉన్న నరసాపురంలో సత్తిరాజు లక్ష్మీనారాయణ జన్మించినారు. ఆయనను తెలుగువారు బాపు అన్న రెండక్షరాలతోనే ఎరుగుదురు. ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవారు. ఇద్దరూ సినిమా రంగంలో కృషి చేసినవారు. ఐనా వారి బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి చుట్టరికం కనబడదు. బాపిరాజు బొమ్మలో రంగు మంచువలె పరచుకొని, ఎక్కడ ఒక ఛాయ ముగిసి మరొకటి మొదలైనదో తెలియనీయదు. బాపు బొమ్మలో ఒక నల్లని గీత బయలుదేరి, వంపు తిరిగి, ఒక కన్నో ఒక జడో ఐ నిలుస్తుంది.

ఈ భేదానికి గురువులూ స్వభావమూ కారణమని కళావిమర్శకులు చెప్పుతారు. అది నిజమే. కాని వారు అంతగా పట్టించుకోని కారణం మరొకటి కలదు. అది అచ్చుయంత్రం. చిత్రకారుడు కాగితం మీద గీసిన బొమ్మ పాఠకుని చేతికి చేరేలోపల ఎందరి చేతులు దాటవలసి వచ్చినది, ఆ దాటడంలో ఏమి పోయినది, ఏమి మిగిలినది అన్న ప్రశ్నకు చరిత్రలో ఒక్కొక్క కాలం ఒక్కొక్క సమాధానం చెప్పినది. నేడు భీమవరంలో ఒక విద్యార్థి పెన్సిలుతో బొమ్మ గీసి, దానిని ఫోనుతో ఫోటో తీసి, కంప్యూటరు తెర మీద సిరా గీతలు దిద్ది, రంగులు నింపి పత్రికకు పంపుతున్నాడు. ఇది పూర్తిగా క్రొత్త విద్య అని చాలమంది భావిస్తారు. ముతక చిత్రాన్ని ముగింపు చిత్రంగా మార్చే పని పాతదే. ఆ పని ఎవరి చేతిలో ఉన్నదన్నదే మారినది.

బాపిరాజు పుట్టిన రోజులలో మన దేశంలో రంగుల బొమ్మ ఇంటింటికి చేరిన మార్గం రాతి అచ్చు. నూనె, నీరు కలియవన్న సూత్రం ఆధారంగా ఆలోయిస్ సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో జర్మనీలో ఈ పద్ధతిని కనిపెట్టినాడు. నున్నని సున్నపురాతి మీద జిడ్డుసిరాతో బొమ్మ గీసి, రాతిని తడిపి, సిరా పూస్తే అది గీసినచోట మాత్రమే అంటుకొంటుంది. 1894లో రవివర్మ బొంబాయిలో ఇట్టి ముద్రణాలయాన్ని స్థాపించినారు. ఆయన లక్ష్మీ సరస్వతుల పటాలు ఆ యంత్రం మీదుగానే దేశమంతటా పూజాగదులలోనికి వచ్చినవి. అయితే రాతి మీద ఆ బొమ్మలను తిరిగి గీసినది రవివర్మ కాదు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి చొప్పున, మూలచిత్రాన్ని చూచి విడగొట్టి గీసినవారు ముద్రణాలయంలోని లిథో పనివారు. మన ఇండ్లలోని సరస్వతి కన్నులలో కనబడే చూపు కొంత రవివర్మది, కొంత పేరు తెలియని ఆ పనివానిది.

తరువాత కెమెరా వచ్చినది. కెమెరా పనివాని చేతిని తొలగించి ఛాయను నేరుగా లోహపు రేకు మీదికి దింపినది. కాని అచ్చుయంత్రానికి ఛాయలు తెలియవు. సిరా అంటుకొన్నచోట నలుపు, అంటుకొననిచోట తెలుపు, అంతే. నలుపు తెలుపుల మధ్య బూడిదరంగును చూపడానికి కనిపెట్టిన ఉపాయమే హాఫ్‌టోన్. సన్నని గళ్ల తెర గుండా చిత్రాన్ని ఫోటో తీస్తే అది చుక్కలుగా విడిపోతుంది. చీకటిచోట చుక్క పెద్దది, వెలుగుచోట చిన్నది. దూరం నుండి చూచే కన్ను చుక్కలను మరచి ఛాయను చూస్తుంది. బాపిరాజు పుట్టిన 1895వ సంవత్సరంలోనే కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి ఈ పనికి స్వయంగా ఒక సంస్థను నెలకొల్పినారు. ఆయన హాఫ్‌టోన్ తెరల గణితాన్ని గూర్చి వ్రాసిన వ్యాసాలను లండనులోని పెన్‌రోజ్ వార్షిక సంచిక ప్రకటించినది. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ ఆయన మనుమడే.

ఈ చుక్కల విద్య లేకపోతే గోదావరి తీరపు చిత్రకళ అచ్చులో కనబడి ఉండేది కాదు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె. జె. కళాశాలకు వెళ్లే మార్గం చూపినవారు ఆయనే. బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. తరువాత బాపిరాజు బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ వద్ద చిత్రలేఖనం అభ్యసించినారు. ప్రమోద్‌కుమార్ వంగదేశపు సంప్రదాయానికి చెందినవారు. ఆ సంప్రదాయంలో రంగు వేసిన కాగితాన్ని నీటిలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ రంగు వేసి, మళ్లీ ముంచుతారు. అట్లు పొరమీద పొరగా ఛాయ పుట్టుతుంది. అట్టి బొమ్మలో గీత ఎక్కడున్నదని వెదికితే దొరకదు.

1924 జనవరిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మదరాసులో 'భారతి'ని ప్రారంభించినప్పుడు ఇట్టి చిత్రాలకు తెలుగులో ఒక వేదిక ఏర్పడినది. త్రివర్ణ చిత్రమంటే ఒక్క బొమ్మకు మూడు బ్లాకులు. మూడు రంగుటద్దాల గుండా మూడు సార్లు ఫోటో తీసి, పసుపు, ఎరుపు, నీలి సిరాలకు వేరువేరుగా రేకులు తయారుచేసి, నునుపైన ఆర్టు కాగితం మీద ఒకదానిపై ఒకటి అచ్చొత్తవలె. వెండ్రుకవాసి తప్పితే పెదవి ఒకచోట, పెదవి ఎరుపు మరొకచోట పడుతుంది. ఖర్చు ఎక్కువ కనుక సంచికకు ఒకటో రెండో ఇట్టి చిత్రాలు ఉండేవి. చదువరులు వాటిని విప్పి పటం కట్టించుకొనేవారు. 1925 ఫిబ్రవరి 6వ తేదీన, 28 ఏండ్లయినా నిండకుండా, మశూచికంతో దామెర్ల రామారావు మరణించినారు.  ఆయన పేరును తెలుగుదేశంలో నిలిపిన వాటిలో ఈ అచ్చుప్రతుల పాత్ర తక్కువది కాదు.

ఇక రెండవ మార్గం లైన్ బ్లాకు. దీనిలో చుక్కలు లేవు, ఛాయలు లేవు. చిత్రకారుడు తెల్లని దళసరి కాగితం మీద ఇండియన్ ఇంకుతో బొమ్మ వేస్తాడు. బ్లాకు చేసేవాడు దానిని ఫోటో తీసి, వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద ఆ ప్రతిబింబాన్ని దించుతాడు. రేకును నత్రికామ్లంలో ముంచితే, గీత ఉన్నచోటు నిలిచి, మిగిలిన చోటు తినివేయబడి పల్లమవుతుంది. ఆ రేకును చెక్కకు బిగించి సీసపు అక్షరాల ఎత్తుకు సరిచేస్తే, అక్షరాలతోబాటు అదే యంత్రంలో, అదే చౌక కాగితం మీద బొమ్మ అచ్చవుతుంది. హాఫ్‌టోన్ చుక్కలు ముతక కాగితం మీద సిరా పీల్చి అలుక్కుపోతాయి. లైన్ బ్లాకుకు ఆ భయం లేదు. అందుకే వారపత్రికలకు అది ప్రాణమైనది.

కాని ఆమ్లం నిర్దాక్షిణ్యమైన పరీక్షకుడు. వెలిసిన గీతను అది మింగివేస్తుంది. దగ్గరగా ఇరికించిన గీతలను ముద్ద చేస్తుంది. అందుచేత ఆనాటి చిత్రకారులు కొన్ని నియమాలు నేర్చినారు. అచ్చులో కావలసినదానికి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దదిగా బొమ్మ వేసేవారు. కెమెరా దానిని కుదించినప్పుడు చేతి వణుకు కూడా కుదించుకుపోతుంది. బ్లాకు కెమెరాలోని ఫిలిముకు లేత నీలిరంగు తెల్లగానే కనబడుతుంది కనుక, ముందు లేత నీలి పెన్సిలుతో ముతక చిత్రం వేసి, దానిపై సిరా దిద్దేవారు. రబ్బరుతో చెరపనవసరం లేదు, కెమెరాయే చెరుపుతుంది. అన్నిటికంటె పెద్ద నియమం పొదుపు. పది గీతలతో చెప్పే మాటను ఒక్క గీతతో చెప్పగలవాని బొమ్మ మాత్రమే ఎంత చెడ్డ కాగితం మీదనైనా బ్రతికి బయటపడుతుంది.

బాపు 1955లో మదరాసులో న్యాయశాస్త్రపట్టం పుచ్చుకొని 'ఆంధ్రపత్రిక'లో వ్యంగ్య చిత్రకారుడుగా చేరినారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ రచనకు బాపు గీసిన బుడుగు ఆ దశకంలోనే తెలుగు ఇండ్లలోనికి వచ్చినాడు. బుడుగును చూడండి. అక్కడ ఛాయ లేదు, నేపథ్యం లేదు. ఉన్నది సిరా, తెల్ల కాగితం. ఆ పొదుపు బాపు ప్రతిభ. ఆ ప్రతిభకు పదును పెట్టిన సానరాయి జింకు రేకు అని చెప్పడం అతిశయోక్తి కాదు. 1947 జూలైలో వెలువడిన 'చందమామ'లో చిత్రా, తరువాత శంకర్, ముఖచిత్రాలలో వడ్డాది పాపయ్య ఇదే పరీక్షకు తమ తమ రీతులలో నిలిచినారు. పిల్లలు కథ చదవకముందే బొమ్మ చదివేవారంటే గీత ఎంత స్పష్టంగా ఉండేదో ఊహించవచ్చును.

బుడుగు అల్లరి చేస్తున్న ఆ సంవత్సరాలలోనే సముద్రాలకు ఆవల మరొక అధ్యాయం మొదలైనది. 1957లో అమెరికా ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్ తన మూడు నెలల కుమారుని ఫోటోను తిరిగే డోలు మీద అంటించి, వెలుతురు కంటితో గీత వెంట గీతగా చదివించి, కంప్యూటరులోనికి పంపినాడు. ఆ బొమ్మ నిలువునా అడ్డంగా 176 చుక్కలు. స్కానరు పుట్టుక అది. 1963లో ఐవాన్ సదర్లాండ్ తెర మీద వెలుతురు కలముతో గీతలు గీసే 'స్కెచ్‌ప్యాడ్' అనే ఏర్పాటును మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పరిశోధనగా సమర్పించినాడు. ఆ కాలంలోనే ఫ్రాన్సులోని కార్ల కంపెనీలలో సిట్రోయెన్‌కు చెందిన పాల్ ద కాస్తెల్జో, రెనోకు చెందిన పియేర్ బెజియే కారు ఒంటి వంపులను గణితంలో చెప్పే మార్గం కనిపెట్టినారు. కొన్ని బిందువులు, వాటిని లాగే పిడులు చెప్పితే చాలు, మధ్య వంపు తానే ఏర్పడుతుంది. కారు రేకు కొరకు పుట్టిన ఆ వంపే 1987లో వెలువడిన 'ఇలస్ట్రేటర్' అనే కంప్యూటరు సాధనంలో చిత్రకారుని కలమైనది. 1990లో 'ఫోటోషాప్' వచ్చినది. ఆ దశకంలో తెలుగు ముద్రణశాలలలో సీసపు అక్షరాలు, జింకు బ్లాకులు మూలపడి, డీటీపీ కంప్యూటర్లు కుదురుకొన్నవి.

కంప్యూటరు బొమ్మను ఎట్లు గ్రహిస్తుందో రేడియో శ్రోతలకు తేలికగా బోధపడుతుంది. పాటను సీడీలోనికి ఎక్కించేటప్పుడు సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుతారు. బొమ్మను కూడా అట్లే చుక్కచుక్కగా కొలిచి దాచితే అది స్కాను చిత్రం. ఆ చుక్కలకు పిక్సెళ్లని పేరు. పాటను అట్లు కొలవక స్వరాలు వ్రాసి పెట్టుకొంటే, ఏ శ్రుతిలోనైనా తిరిగి పాడుకోవచ్చును. బొమ్మను బెజియే వంపులుగా వ్రాసి పెట్టుకోవడం అట్టిది. దానిని తపాలా బిళ్లంత చేసినా, గోడంత చేసినా అంచు చెదరదు.

నేటి చిత్రకారుని పనిని వరుసగా చూస్తే పాత బ్లాకుల శాల అంతా అందులో కనబడుతుంది. ముందు పెన్సిలు బొమ్మను స్కాను చేస్తారు. ఛాయలున్న బొమ్మకు అంగుళానికి 300 చుక్కలు, వట్టి గీతల బొమ్మకు 600 చుక్కలు లేక అంతకు మించి అవసరం. తరువాత కాగితపు మాపును తెల్లబరచి, గీతను నలుపు చేస్తారు. ఇది బ్లాకు కెమెరా పని. ఆపైన తెర మీద పొరలు పరుస్తారు. అడుగు పొరలో పెన్సిలు బొమ్మను లేతగా, తరచుగా నీలిరంగులోనే, ఉంచుతారు. ఆ నీలి పెన్సిలు అలవాటు యంత్రాలన్నీ మారినా నిలిచినది. దానిపై మరొక పొరలో సిరా గీత, గీతకు అడుగున రంగుల పొర, దానిపై నీడల పొర. చివరకు అచ్చుకు పంపేటప్పుడు తెర మీది వెలుతురు రంగులను నాలుగు సిరాల రంగులుగా మార్చుతారు. తెర మీద నిగనిగలాడిన వరిచేను పచ్చ కాగితం మీద కొంత వాడిపోతుంది. ఆ వాటును ముందే ఊహించి రంగు ఎన్నుకోవడం నేటి చిత్రకారుడు నేర్వవలసిన విద్య.

ఇక్కడ చరిత్రలో జరిగిన మలుపును గమనించవలె. లిథో పనివాడు, బ్లాకు కెమెరామన్, ఆమ్లపు తొట్టి దగ్గరి మనిషి, రంగు విడగొట్టేవాడు, వీరందరి పనినీ ఇప్పుడు ఒక్కరే చేస్తున్నారు. నూరేండ్లపాటు పరుల చేతులలో ఉండిన ముగింపు చిత్రకారుని చేతికి తిరిగి వచ్చినది. రవివర్మకు దక్కని స్వాతంత్ర్యం భీమవరం విద్యార్థికి దక్కినది. స్వాతంత్ర్యంతో బాధ్యత కూడా వచ్చినది. పూర్వం చెడిన గీతకు బ్లాకువానిని తప్పుపట్టవచ్చును. ఇప్పుడు తప్పుపట్టడానికి ఎవరూ లేరు.

ఆమ్లం పెట్టిన పరీక్ష కూడా పోయినది. తెర మీద ఎన్ని గీతలు గీసినా, ఎన్ని మార్లు వెనుకకు తీసుకొన్నా అడిగేవారు లేరు. గీతను తనంతట తానే వంపులుగా మార్చే ఏర్పాట్లు ఉన్నవి. కాని యంత్రానికి కాగితపు నూగు ఏదో, కావాలని వణికించిన గీత ఏదో తెలియదు. రెంటినీ ఒకే నునుపుకు తెస్తుంది. ముసలివాని చేతికర్ర, చిన్నపిల్ల చేతిగాజు ఒకే మందపు తీగలైపోతాయి. 2022 నుండి, మాటలు చెప్పితే చాలు, లేదా నాలుగు ముతక గీతలు చూపితే చాలు, నిండు బొమ్మను తయారుచేసే యంత్రాలు సామాన్యుల వాడకంలోనికి వచ్చినవి. ముగింపు మళ్లీ పరుల చేతికి పోయే దారి అది. ఏ గీతను ఉంచవలె, దేనిని తీసివేయవలె అని నిర్ణయించేవాడే చిత్రకారుడు. ఆ నిర్ణయాన్ని యంత్రానికి వదలిన క్షణంలో అతడు రవివర్మ కాలపు స్థితికి, ఇంకా చెప్పాలంటే అంతకంటె వెనుకకు, పోతున్నాడు. రవివర్మకు కనీసం రాతి మీద గీసేవానితో మాట్లాడి సవరణ చెప్పే వీలుండినది.

బాపు అక్షరాల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం. ఆయన పుస్తకాల అట్టలకు, సినిమా పేర్లకు చేత్తో వ్రాసిన లిపి తెలుగువారికి ఎంత ప్రియమైనదంటే, ఆ ఒరవడితో కంప్యూటరు ఫాంటు తయారైనది. నేడు పెండ్లి శుభలేఖలలో, దుకాణాల బోర్డులలో అది కనబడుతుంది. ఆ అక్షరం అంతమందికి అందడం సంతోషమే. అయితే ఫాంటులో 'క' ఎప్పుడూ అదే 'క'. చేతిలో అది ప్రక్క అక్షరాన్ని చూచి ఒదిగేది, ఒకచోట తల ఎత్తేది, ఒకచోట వాలేది. 2014 ఆగస్టు 31వ తేదీన బాపు మరణించినారు. ఫాంటు ఆయన అక్షరం రూపాన్ని దాచినది. ఆ ఒదుగు నేర్వగోరేవారు ఆయన చేత్తో వ్రాసిన పుటలనే చూడవలసి ఉన్నది.

ఆ పుటలు ఎక్కడ ఉన్నవన్నది నేటి ముఖ్యమైన ప్రశ్న. బ్లాకుల కాలంలో మూలచిత్రాన్ని అచ్చుకు ముడిసరుకుగానే చూచినారు. బ్లాకు తయారైన తరువాత కాగితాన్ని దాచినవారు తక్కువ. ఆ బొమ్మలలో చాల భాగం నేడు పాత సంచికలలో మాత్రమే మిగిలినది. చౌక కాగితంలోని ఆమ్లం ఆ సంచికలను పసుపుబార్చి పొడి చేస్తున్నది. ఈ శతాబ్దపు తొలి దశకంలో భారత డిజిటల్ లైబ్రరీ పథకం క్రింద తెలుగు పుస్తకాలను, పత్రికలను పెద్ద ఎత్తున స్కాను చేసినారు. అది మహోపకారం. కాని అక్షరం చదువుకొంటే చాలునన్న దృష్టితో చాల పుటలను నలుపు, తెలుపు అన్న రెండు స్థితులలోనే దాచినారు. అట్టి పుటలలో లైన్ బ్లాకు బొమ్మ చెక్కుచెదరక నిలిచినది. త్రివర్ణ చిత్రం మాత్రం నల్లని మరకగా మారినది. ఆమ్లం పెట్టిన పరీక్షనే స్కానరు మళ్లీ పెట్టినది. ఈసారి కూడా గీత నెగ్గినది, ఛాయ ఓడినది. నరసాపురం బొమ్మ బ్రతికి, భీమవరం బొమ్మ మసి అయినది.

దీనిని చక్కదిద్దడం నేడు కష్టమేమీ కాదు. పాత 'భారతి' సంపుటాలు గ్రంథాలయాలలో, కొన్ని ఇండ్లలో ఇంకా ఉన్నవి. అట్టి సంపుటం ఇంట ఉన్నవారు బొమ్మల పుటలను పూర్తి రంగులో, అంగుళానికి 300 చుక్కలకు తక్కువ కాకుండా స్కాను చేయించవలె. ఆ ప్రతిని కుదించకుండా ఒకటికి రెండుచోట్ల దాచవలె. స్కాను అయిన తరువాత కాగితాన్ని పారవేయరాదు, ఏలయన రేపటి యంత్రం నేటి యంత్రం చూడలేనిదానిని చూడవచ్చును. క్రొత్తగా బొమ్మలు వేసే యువకులు కూడా తెర మీది బొమ్మ పూర్తి అయినదని పెన్సిలు కాగితాన్ని చింపివేయక, తేదీ వ్రాసి దాచుకొనడం మంచిది. చిత్రకారుడు దేనిని ముందు అనుకొని, దేనిని తరువాత వదులుకొన్నాడో చెప్పేది ఆ కాగితమొక్కటే.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట చిత్రశాల ఉన్నది. భీమవరం నుండి అక్కడికి పోయిరావడానికి ఒక్క పూట చాలును. పలకల మీద బొమ్మలు దిద్దే మన పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకొనిపోయి, మూలచిత్రానికి దగ్గరగా నిలువబెట్టండి. అచ్చులోనూ తెర మీదా కనబడని కుంచె జాడ వారికి అక్కడ కనబడుతుంది. దానిని చూచిన కన్ను తన గీతను తాను దిద్దుకోగలదు.